తెల్లబరిచే టూత్‌పేస్టులు: పెరాక్సైడ్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు?

"డాక్టరు గారూ, ఏ పేస్టు వాడితే పళ్ళు తెల్లబడతాయి?"

దంత విభాగంలో మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. పెళ్ళిచూపులు దగ్గరపడిన అమ్మాయిని వెంటబెట్టుకొని తల్లి వచ్చి అడుగుతుంది. ఇంటర్వ్యూకు వెళ్ళబోయే కుర్రవాడు అడుగుతాడు. చిన్నప్పటి నుండి పళ్ళు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వడం అలవాటైన వారూ అడుగుతారు. పళ్ళ రంగు చిన్న విషయమని మేము అనము. దాని వలన నలుగురిలో మాట్లాడటానికి సిగ్గుపడేవారు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు బజారులో "వైటెనింగ్", "ఆక్సిజన్" వంటి మాటలు రాసిన పేస్టులు చాలా దొరుకుతున్నాయి. వీటిలో కొన్నిటిలో పెరాక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. అది ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఉపయోగపడుతుంది, ఎవరు వాడకూడదు అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. ఒక్క మాట ముందే చెబుతున్నాము. పళ్ళు ఎందుకు రంగు మారాయో తెలుసుకోకుండా తెల్లబరచడానికి ప్రయత్నిస్తే డబ్బు వృథా అవుతుంది. కొన్నిసార్లు దాని వెనుక ఉన్న జబ్బు కూడా ముదిరిపోతుంది.

పంటికి సహజంగా ఉండే రంగు

పంటిపై పింగాణీ లాంటి గట్టి పొర ఉంటుంది. దానిని ఎనామెల్ అంటారు. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. ఈ పొర గుండా వెలుతురు కొంతవరకు లోపలికి పోతుంది. ఎనామెల్ కింద డెంటిన్ అనే మరో పొర ఉంటుంది. దాని రంగు లేత పసుపు. డెంటిన్ లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తని గుజ్జు ఉంటుంది.

మనకు పైకి కనిపించే పసుపు చాలావరకు లోపలి డెంటిన్‌ది. వయసు పెరిగే కొద్దీ ఎనామెల్ అరిగి పలచబడుతుంది, డెంటిన్ మందమవుతుంది. అందువలన అరవై ఏళ్ళ వారి పళ్ళు ఇరవై ఏళ్ళ వారి పళ్ళకన్నా పసుపుగా కనిపిస్తాయి. ఇది జబ్బు కాదు. పిల్లల్లో పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినప్పుడు కూడా, పక్కనున్న తెల్లని పాలపళ్ళతో పోల్చి "బాబుకు పళ్ళు పసుపుగా వస్తున్నాయి" అని తల్లులు కంగారుపడతారు. శాశ్వత దంతాలు పాలపళ్ళంత తెల్లగా ఉండవు. అది సహజమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోవాలి. చర్మం గీసుకుపోతే మళ్ళీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్ ఒకసారి అరిగిపోతే మళ్ళీ పుట్టదు.

మరకలు రెండు రకాలు

మొదటి రకం పంటి పైన పట్టే మరకలు. టీ, కాఫీ, చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, తాంబూలం వలన వచ్చేవి ఇవి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ సిరప్ వలన పిల్లల పళ్ళపై నల్లని చారలు పడవచ్చు. చిగుళ్ళ జబ్బుకు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను వారాల తరబడి వాడితే గోధుమరంగు మరకలు వస్తాయి. పళ్ళ మొదళ్ళలో గట్టిగా పేరుకునే గార కూడా పసుపుగానో నల్లగానో కనిపిస్తుంది. ఇవన్నీ పైపైనే ఉంటాయి కనుక ఆసుపత్రిలో శుభ్రం చేయిస్తే పోతాయి.

రెండవ రకం పంటి లోపలే ఉండే మరకలు. పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్ళు తాగితే పళ్ళపై సుద్దలాంటి తెల్లని మచ్చలు, ఎక్కువైతే గోధుమరంగు చారలు వస్తాయి. దీనినే ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెల వారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. అదే వయసులో, లేదా తల్లి కడుపులో ఉండగా, టెట్రాసైక్లిన్ అనే మందు పడినా పళ్ళు బూడిదరంగుకో గోధుమరంగుకో మారుతాయి. అందుకే గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు సాధారణంగా ఆ మందు ఇవ్వరు. చిన్నప్పుడు కిందపడి దెబ్బ తగిలిన ముందు పన్ను ఒక్కటే నల్లబడిందంటే లోపలి గుజ్జు చచ్చిపోయి ఉండవచ్చు. పుచ్చుపన్ను కూడా మొదట్లో చిన్న నల్లచుక్కలాగే కనిపిస్తుంది.

చూడటానికి అన్నీ "గార పళ్ళు" లాగే ఉంటాయి కాని కారణాలు వేరు, వైద్యమూ వేరు.

పెరాక్సైడ్ అంటే ఏమిటి?

నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్ ఉంటాయి. దానికి ఇంకొక ఆక్సిజన్ చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. దీనిని 1818లో థెనార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనుగొన్నాడు. పుండు కడిగేటప్పుడు నర్సు ఒక సీసాలోని మందు పోయగానే తెల్లని నురుగు పొంగడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మందే ఇది. ఆ అదనపు ఆక్సిజన్ నిలకడగా ఉండదు. విడిపోయి పక్కనున్న పదార్థాలతో కలవాలని చూస్తుంది.

పంటిపై పెరాక్సైడ్ ఉంచినప్పుడు అది ఎనామెల్‌లోని అతి సన్నని సందుల గుండా డెంటిన్ వరకు దిగుతుంది. అక్కడ రంగునిచ్చే పెద్ద పెద్ద అణువులను చిన్న ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలకు రంగు ఉండదు, ఉన్నా తక్కువ. పన్ను అరగకుండానే రంగు తేలికపడుతుంది. కనుక పెరాక్సైడ్ పనిచేసే పదార్థమే. ఆ మాటలో మోసం లేదు.

పేస్టుల్లో ఇది నాలుగు పేర్లతో ఉండవచ్చు: హైడ్రోజన్ పెరాక్సైడ్, కార్బమైడ్ పెరాక్సైడ్, కాల్షియం పెరాక్సైడ్, సోడియం పెర్కార్బొనేట్. పెట్టె వెనుక సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది. చదవడం కష్టమైతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత చదివించుకోండి. కార్బమైడ్ పెరాక్సైడ్ 10 శాతం అని ఉంటే అందులో పనిచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే అని లెక్క.

పేస్టులో ఉన్నప్పుడు ఎంత పనిచేస్తుంది?

ఏ మందైనా పనిచేయాలంటే రెండు కావాలి: తగినంత బలం, తగినంత సమయం.

దంతవైద్యుడు ఇంటికి ఇచ్చే తెల్లబరిచే మందునే చూడండి. మీ పళ్ళ అచ్చు తీసి, సరిగ్గా సరిపోయే పలచని ప్లాస్టిక్ తొడుగు చేస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోమంటారు. ఈ పద్ధతిని ఇద్దరు అమెరికన్ దంతవైద్యులు 1989లో వైద్య పత్రికలో వివరించారు. అప్పటి నుండి ప్రపంచమంతా వాడుతున్నారు. రాత్రికి ఆరు గంటల చొప్పున రెండు వారాలు పెట్టుకుంటే మొత్తం 84 గంటలు. గంటలు గడిచే కొద్దీ జెల్ బలం తగ్గుతుంది, నిజమే. అయినా మందు పంటిని అంటిపెట్టుకొని చాలాసేపు ఉంటుంది.

ఇప్పుడు పేస్టు సంగతి చూద్దాం. ఉదయం రెండు నిమిషాలు, రాత్రి రెండు నిమిషాలు తోముకుంటారు. రెండు వారాలకు మొత్తం 56 నిమిషాలు. ఆ కాసేపట్లో కూడా పేస్టు లాలాజలంలో కలిసి పలచబడుతుంది. లాలాజలంలో పెరాక్సైడ్‌ను విరగగొట్టే ఎంజైములు ఉన్నాయి. ఆ తర్వాత ఉమ్మేసి నోరు కడుక్కుంటాము.

అందువలన పెరాక్సైడ్ ఉన్న పేస్టు వలన కొద్దిపాటి మార్పే వస్తుంది, అదీ వారాల తరబడి వాడితేనే. టీ, కాఫీ మరకలున్న వారికి ఆ తేడా కొంత తెలుస్తుంది. ఫ్లోరోసిస్ చారలను, టెట్రాసైక్లిన్ మరకలను, చచ్చిపోయిన పంటి నలుపును ఏ పేస్టూ తీయలేదు. వాడటం మానేసి టీ, పొగాకు కొనసాగిస్తే పాత రంగు మళ్ళీ వస్తుంది.

పేస్టుల్లో పెరాక్సైడ్ మోతాదు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో దొరికే కొన్ని పేస్టుల్లో 1 నుండి 5 శాతం వరకు ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన నియమం ప్రకారం, జనం నేరుగా కొనుక్కునే వాటిలో 0.1 శాతానికి మించి ఉండకూడదు. అంతకు మించి 6 శాతం వరకు ఉన్నవి దంతవైద్యులకే అమ్మాలి, మొదటిసారి దంతవైద్యుని వద్దనే వాడాలి, పద్దెనిమిదేళ్ళ లోపు వారికి వాడకూడదు. కనుక "పెరాక్సైడ్ ఉంది" అన్న ఒక్క మాట చూసి కొనవద్దు. ఎంత శాతమో చూడండి.

"వైటెనింగ్" అని రాసినవన్నీ ఒకటి కావు

చాలా వైటెనింగ్ పేస్టుల్లో పెరాక్సైడ్ అసలు ఉండదు. సిలికా, సున్నపు పదార్థాల వంటి మెత్తని గరుకు పొడులతో అవి పై మరకలను రుద్ది తీస్తాయి. మంచి కంపెనీలు ఈ గరుకుదనాన్ని ఒక కొలత ప్రకారం హద్దులో ఉంచుతాయి. కాని గట్టి బ్రష్‌తో, బలంగా, ఎక్కువసేపు రుద్దితే ఆ హద్దు వలన ప్రయోజనం లేదు. పంటి మొదట్లో చిగురు పక్కన గాడి పడుతుంది. ఎనామెల్ అరిగే కొద్దీ కింది పసుపు డెంటిన్ బయటపడుతుంది. తెల్లదనం కోసం రుద్దిన పన్ను ఇంకా పసుపుగా మారుతుంది.

మరికొన్ని పేస్టుల్లో నీలిరంగు పదార్థం ఉంటుంది. తెల్ల బట్టలకు నీలిమందు పెట్టినట్లే ఇది. పంటిపై పలచని నీలి పొర పడి పసుపు కంటికి తగ్గినట్లు కనిపిస్తుంది. హాని లేదు గాని కొన్ని గంటల్లో పోతుంది.

ఇంటి చిట్కాలతో జాగ్రత్త

బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక, ఉప్పు, ఎర్ర పళ్ళపొడి – వీటిలో చాలావాటితో మన పెద్దలు తోముకున్నారు. పళ్ళు పదికాలాలు నిలిచిన వారూ ఉన్నారు. వారు మిఠాయిలు, కూల్‌డ్రింకులు ఇప్పటివారి కన్నా చాలా తక్కువగా తీసుకునేవారన్నది మరిచిపోకూడదు. అలా రుద్దిన వారిలో ఎందరికో పళ్ళు సగానికి అరిగి, చల్లనినీళ్ళు తాగితే జివ్వుమనడం మేము చూస్తూనే ఉన్నాము.

నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దడం ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. నిమ్మలోని పులుపు ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. మెత్తబడిన దానిని రుద్దితే లేచిపోతుంది. ఇది చేయవద్దు. పుల్లని పండ్లు తిన్నా, కూల్‌డ్రింక్ తాగినా వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళతో పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోండి.

మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెచ్చి పళ్ళకు రాసుకునేవారూ ఉన్నారు. దాని బలం వేరు, అది పళ్ళ కోసం తయారుచేసినది కాదు. చిగుళ్ళు, నాలుక తెల్లగా ఉడికినట్లు కాలిపోతాయి. మింగితే కడుపులో వాయువు పుట్టి ప్రమాదం. పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

పెరాక్సైడ్ ఎవరికి వద్దు?

• పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు.
• గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు. తెల్లదనం కొన్ని నెలలు ఆగవచ్చు.
• పుచ్చుపళ్ళు, పగిలిన పళ్ళు ఉన్నవారికి. మందు ఆ సందులో నుండి నేరుగా నరం దగ్గరకు పోతుంది.
• చిగుళ్ళ నుండి రక్తం కారేవారికి, చిగుళ్ళు కిందికి జారి పంటి వేరు బయటపడిన వారికి.
• చల్లనివి, వేడివి తగిలితే ఇప్పటికే జివ్వుమనే వారికి.
• నోటిలో పుండ్లు, మచ్చలు ఉన్నవారికి. ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా వాడిన మొదటి రోజుల్లో పళ్ళు జివ్వుమనవచ్చు, చిగుళ్ళు మండవచ్చు. మందు డెంటిన్‌లోని సన్నని గొట్టాల ద్వారా గుజ్జు వరకు చేరడమే దీనికి కారణం. మానేస్తే సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే పేస్టు మార్చుకుంటూ కూర్చోకుండా చూపించుకోండి.

మరక వెనుక దాగిన జబ్బు

ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఇదే. పొగాకు వాడేవారు పళ్ళపై మరక పోవాలని వస్తారు. వారి కన్ను పళ్ళ మీద ఉంటుంది. మేము బుగ్గ లోపల, నాలుక కింద, అంగిట్లో కూడా చూస్తాము. నొప్పి లేకుండా, రుద్దినా పోకుండా ఉండే తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని అక్కడ కనిపిస్తే మేము ఇక పళ్ళ రంగు మాట ఎత్తము. అలాంటి మచ్చల్లో కొన్ని కాలక్రమంలో కాన్సరుగా మారవచ్చు. ఉత్తర కోస్తాలో, శ్రీకాకుళం, విశాఖ వైపు, నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చే అలవాటు ముఖ్యంగా స్త్రీలలో ఉంది. అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతింటుంది. అద్దంలో ముందు పళ్ళు చూసుకునే వారికి అంగిలి కనబడదు.

వక్క, గుట్కా నమిలేవారికి కారం తగిలితే నోరు మండటం, క్రమంగా నోరు తెరుచుకోకపోవడం మరొక హెచ్చరిక. మీ మూడు వేళ్ళు నిలువుగా నోటిలో పట్టకపోతే ఆలస్యం చేయవద్దు. రెండు వారాలకు మానని నోటిపుండును కూడా తప్పక చూపించాలి.

తెల్లబరిచే పేస్టు ఈ మచ్చలను తీయదు. పళ్ళు కాస్త తేలికపడితే "ఇక ఫరవాలేదు" అనే ధైర్యం మాత్రం ఇస్తుంది. పొగాకు మరక పోగొట్టడానికి ఖర్చు పెట్టే ముందు పొగాకు మానడానికి సహాయం అడగండి. అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

సరైన వరుస

పళ్ళు తెల్లగా ఉండాలని కోరుకోవడం తప్పు కాదు. ఈ వరుసలో చేయండి.

1. ముందు నోరంతా పరీక్ష చేయించుకోండి. మరక ఏ రకమో తెలుస్తుంది.
2. గార, పై మరకలు ఉంటే శుభ్రం చేయించుకోండి. చాలామందికి ఇక్కడే కోరిక తీరుతుంది.
3. పుచ్చుపళ్ళకు, చిగుళ్ళ జబ్బుకు వైద్యం చేయించుకోండి.
4. ఇంకా తెల్లబడాలనుకుంటే దంతవైద్యుని పర్యవేక్షణలో పెరాక్సైడ్ వైద్యం చేయించుకోవచ్చు. ఆసుపత్రిలో 35 శాతం వంటి బలమైన మందు వాడేటప్పుడు చిగుళ్ళకు తగలకుండా అడ్డుపొర వేస్తారు.
5. ముందు పళ్ళలో పాత ఫిల్లింగులు, తొడుగులు ఉంటే అవి తెల్లబడవని గుర్తుంచుకోండి. పళ్ళను తెల్లబరిచి, సుమారు రెండు వారాలు ఆగి, కొత్త రంగుకు తగినట్లు ఫిల్లింగు మార్పించుకోవాలి.

మీ ప్రశ్నలు – మా జవాబులు

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయంటారు, నిజమా?
కాదు. గార చిగుళ్ళను, లోపలి ఎముకను తినేస్తుంది. గార తీశాక అప్పటికే జరిగిన నష్టం బయటపడి, పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి. గారను అలాగే ఉంచితే పళ్ళు నిజంగానే వదులవుతాయి.

అమెరికా నుండి మా అబ్బాయి వైటెనింగ్ పేస్టు, స్ట్రిప్‌లు తెచ్చాడు. ఇంటిల్లిపాది వాడవచ్చా?
ఇంటిల్లిపాది వద్దు. స్ట్రిప్‌లలో పెరాక్సైడ్ పంటికి అతుక్కొని చాలాసేపు ఉంటుంది కనుక పేస్టు కన్నా బలంగా పనిచేస్తుంది. పైన చెప్పిన జాబితాలో మీ ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. పెట్టెతో సహా తీసుకొస్తే చూసి చెబుతాము.

పెరాక్సైడ్ పేస్టు వాడితే ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా?
పుచ్చుపళ్ళు రాకుండా కాపాడేది ఫ్లోరైడ్, పెరాక్సైడ్ కాదు. ఏ పేస్టు కొన్నా ఫ్లోరైడ్ ఉందో లేదో చూడండి. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపుగింజంత, మూడు నుండి ఆరేళ్ళ వారికి బఠాణీగింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మించండి.

ఫ్లోరోసిస్ చారలకు మార్గమే లేదా?
ఉంది. చారలు ఎంత లోతుగా ఉన్నాయో చూసి, పై పొరను కొద్దిగా పాలిష్ చేయడం, తెల్లబరచడం, పంటి రంగు పూత వేయడం వంటివి దంతవైద్యుడు చేయగలడు. పేస్టులు మార్చి మార్చి వాడటం వలన మాత్రం లాభం లేదు.

గుర్తుంచుకోండి

• తెల్లని పళ్ళన్నీ ఆరోగ్యమైనవి కావు. లేత పసుపు పళ్ళన్నీ జబ్బువీ కావు.
• పేస్టులోని పెరాక్సైడ్ వలన స్వల్పమైన మార్పే వస్తుంది, అదీ నెమ్మదిగా.
• మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. రాత్రి తోమడం మానవద్దు.
• టీ, కాఫీ తాగాక నీళ్ళతో పుక్కిలించండి.
• అరిగిన ఎనామెల్ మళ్ళీ రాదు.
• ఒక్క పన్ను నల్లబడినా, నోటిలో మచ్చ ఉన్నా, పుండు రెండు వారాలకు మానకపోయినా దంతవైద్యునికి చూపించుకోండి.

ఈ పాఠాన్ని మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ముఖ్యంగా చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటు ఉన్న పెద్దలను ఒక్కసారి నోటి పరీక్షకు తీసుకురండి. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే, నొప్పి కూడా ఉండదు.